మా తీర్మానం చెల్లని సర్వర్

సభల్లో, సమావేశాల్లో నేను చాలా వాదనలు గెలిచాను. వాటిలో అన్నిటికంటే ఘనంగా గెలిచినదే అన్నిటికంటే తప్పుడుది. ఆ గెలుపు కారణంగా ఒక ముసలమ్మ తన ఊరు విడిచి పోవలసి వచ్చేది. ఆ పని జరగకుండా ఆపింది నేను కాదు. ఆపినవాళ్లు ముగ్గురు. వాళ్లలో ఇద్దరి ముఖం నేను ఇంతవరకు చూడలేదు. ఫోనులో రెండు మాటలు కొట్టి, మొదట కనిపించిందే నిజమనీ, కనిపించనిది లేనే లేదనీ అనుకునే వయసులో ఉన్న మీకు ఈ సంగతి చెప్పాలని చాలా రోజులుగా ఉంది.

నేను ఎల్లారెడ్డి శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్‌గా పదవీ విరమణ చేశాను. ఇల్లు కామారెడ్డిలో. రోజూ పొద్దున లింగంపేట మీదుగా పోయే బస్సులో ఎల్లారెడ్డికి, సాయంత్రం అదే దారిన వెనక్కి. గ్రంథాలయంలో మేం ఇద్దరమే ఉద్యోగులం, నేనూ అటెండరూ. ఆయన నాకంటే నాలుగేళ్లు చిన్న. పదో తరగతితో చదువు ఆగిపోయింది కానీ, గ్రంథాలయంలో ఆయన చదవని పుస్తకం ఉందంటే అది చెదలు తిన్నదే అయి ఉండాలి. వాదోపవాదాల మధ్య పెరిగినదాన్ని కాబట్టి నేను అందరినీ "మీరు" అంటాను. ఆయనను అలా పిలిస్తే మొదటి ఏడాదంతా, తన వెనక ఇంకెవరైనా నిలబడ్డారేమోనని తిరిగి చూసేవాడు.

ఉద్యోగం కాక నాకు ఇంకో పని ఉండేది. బాబాలను, తాయెత్తులను, బాణామతిని నిలదీసే ఒక చిన్న బృందం మాది. మాలో టీచర్లు, లాయర్లు, ఒక పాలిటెక్నిక్ లెక్చరర్, నేను, నా వెంట వచ్చిన అటెండర్. మొదట అందరూ వాడే ఒక పెద్ద కంపెనీ వేదికలోనే మా పేజీ నడిపేవాళ్లం. ఒక బాబా భక్తులు మూకుమ్మడిగా ఫిర్యాదులు పెట్టారు. ఒక రోజు పొద్దున లేచి చూస్తే పేజీ లేదు. ఎందుకు తీశారో చెప్పే మనిషి కూడా లేడు.

అప్పుడు మా లెక్చరర్ ఒక దారి చూపించాడు. ఒక్క కంపెనీ చేతిలో లేని ఫోరంలు కొన్ని ఉన్నాయి. ఎవరి సర్వర్ వాళ్లు ఇంట్లోనే పెట్టుకోవచ్చు. ఒక సర్వర్‌లో రాసినది, దాన్ని అనుసరించేవాడు ఇంకో సర్వర్‌లో ఒక్కడున్నా చాలు, అక్కడికీ కాపీగా చేరుతుంది. నాకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఇవి శాఖా గ్రంథాలయాల లాంటివి. ఎల్లారెడ్డిలో ఉన్న పుస్తకం ప్రతి ఒకటి బీర్కూర్‌లోనో సదాశివనగర్‌లోనో కూడా ఉండవచ్చు. కాకపోతే ఏ పుస్తకం ఎక్కడ ఉందో చెప్పే ఒకే జాబితా ఎక్కడా లేదు. మా సర్వర్ కామారెడ్డిలో, లెక్చరర్ ఇంటి మేడ మీద గదిలో, ఒక పాత కంప్యూటర్‌లో మొదలైంది. దాన్ని చూసి మేం పొంగిపోయిన తీరు చెబితే నవ్వుతారు.

అక్కడే నా ఘనమైన వాదన జరిగింది. సర్వర్ పెట్టేటప్పుడు ఒక ప్రశ్న అడుగుతుంది: మీ పేజీలను సెర్చింజన్లు చూడవచ్చా, వద్దా? నేను లేచి నిలబడ్డాను. మన ఆలోచన వాళ్ల అంగడిలో సరుకు కాదన్నాను. మన పేజీని మూసిన చేతులకే మన తాళంచెవి ఇస్తామా అని అడిగాను. చదవాలనుకున్నవాడు వెతుక్కుంటూ వస్తాడు, నిజం ప్రకటనలు వేసుకోదు అన్నాను. చప్పట్లు బాగా పడ్డాయి. సెర్చింజన్లను రానివ్వకూడదని తీర్మానం ప్రవేశపెట్టాను. అందరూ చేతులెత్తారు, ఒక్కరు తప్ప.

"మేడం, దుకాణం పెట్టుకొని షట్టర్ కిందికి గుంజుకుంటె గిరాకి ఎట్లొస్తది?" అన్నాడు మా అటెండర్. "లోపల కూసోని మనకు మనమే అమ్ముకుందమా?"

అందరూ నవ్వారు. ఇది దుకాణం కాదు, ఉద్యమం అన్నాను. మళ్లీ చప్పట్లు. తీర్మానం నెగ్గింది. ప్రజలకు తెలియాలని రాసే రాతలను ప్రజలు వెతికినా దొరకకుండా దాచిన హేతువాదులం ప్రపంచంలో మేమొక్కరమే అయి ఉంటాం.

ఆ ఫోరంలో ఒక అమ్మాయి రాసేది. ఎక్కడో దూరపు పట్నంలో నర్సు అనీ, తల్లి మా వైపే ఒక ఊళ్లో బీడీలు చేస్తుందనీ తప్ప ఆమె గురించి మాకేమీ తెలియదు. ఇంట్లో మాట్లాడినట్టే రాసేది. ఒకసారి తల్లికి వానాకాలంలో కళ్లు తిరగడం, వాంతులు కావడం గురించి, అవి ఎలా తగ్గాయో దాని గురించి రాసింది. మంచి రాత. అయితే చివర్లో, మొదట నిమ్మకాయ కూడా కట్టామని ఒక మాట ఉంది. నా కళ్లు ఆ నిమ్మకాయ మీదే పడ్డాయి. "నర్సు ఉద్యోగం చేస్తూ నిమ్మకాయ కట్టామని రాయడానికి సిగ్గుండాలి. ముందు దాన్ని తీసి పెంట మీద పారేసి, తర్వాత వచ్చి మాకు ఆరోగ్యం బోధించు" అని రాశాను. ఆమె మళ్లీ కనిపించలేదు. జవాబు లేదు కాబట్టి గెలిచాననుకున్నాను. అందరినీ "మీరు" అనే మనిషిని, ఆ అమ్మాయిని "నువ్వు" అన్నానని కూడా అప్పుడు గమనించలేదు.

తర్వాత ఎండాకాలంలో ఒక గాలివానకు పిడుగు పడి మేడ మీది కంప్యూటర్ కాలిపోయింది. మా ఉద్యమం వాట్సాప్‌కు మారి, అక్కడ గుడ్ మార్నింగ్ పువ్వుల కింద నెమ్మదిగా కప్పబడిపోయింది.

నా పదవీ విరమణకు ఇంకో ఏడాది ఉందనగా, వానాకాలంలో ఒక బుధవారం, అటెండర్ పేపర్లు సర్దకుండా కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఏమైందని రెండుసార్లు అడిగితే చెప్పాడు. మహమ్మద్‌నగర్ వైపు ఒక ఊళ్లో ఆయన మేనత్త ఉంటుంది. భర్త లేడు, పిల్లలు లేరు. ఆమె ఇంట్లో పెద్ద అర్ర, అంటే గది, ఒకటి ఉంది. వానలు పడితే చుట్టుపక్కల ఆడవాళ్లు చాటలు పట్టుకొని అక్కడికే వచ్చి బీడీలు చేస్తారు. ఆ నెలలో అలా వచ్చినవాళ్లలో నలుగురికి కళ్లు తిరిగి వాంతులయ్యాయి. చివరికి ఊరి పెద్దమనిషి కోడలు చాట ఒళ్లో పెట్టుకునే కూలిపోయింది. ఆస్పత్రిలో నీరసం అని సూది ఇచ్చి పంపారు. మళ్లీ వచ్చి కూర్చుంటే మళ్లీ అదే. ఆ అర్రలో కూర్చోనివాళ్లకు ఏమీ లేదు. కూర్చున్నవాళ్లలో ఏమీ కానిది ఆ ముసలమ్మ ఒక్కదానికే.

ఊరు తేల్చేసింది: బాణామతి, ముసలమ్మే చేతబడి చేస్తోందని. ఆదివారం పొద్దున పెద్దమనుషులు కూర్చుంటారు. ఆమె ఊరు విడిచి పోవాలి, లేదంటే తర్వాత ఏం జరిగినా తమను అడగవద్దు.

నాకు ఒళ్లు మండిపోయింది. పోలీసులు, చట్టం, కలెక్టరు, పత్రికలు అంటూ గబగబా చెప్పుకుపోయాను. ఆయన అంతా విన్నాడు. స్టేషన్లో ఒక మాట చెప్పి ఉంచానన్నాడు.

"పోలీసులు ఒక్క దినం ఉంటరు మేడం. అత్త రోజూ ఆడనే ఉండాలె. నల్ల కాడికి నీళ్లకు పోవాలె, నలుగుర్ల కూసోవాలె. మందికి సమజ్ కాకుంటె ఆమె ఊర్లె ఉన్నా లేనట్టే."

నేను వచ్చి ఉపన్యాసం ఇస్తానన్నాను. ఆయన పేపర్లు సర్దడం మొదలుపెట్టాడు. ఆయన మర్యాద అది. మళ్లీ నేనే అడిగితే, దేవుడు లేడనే మేడం చెప్తే ఎవరు వింటారని నేల చూస్తూ అన్నాడు. అప్పుడే మా ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. బీడీల ఇంట్లోంచి వచ్చిన ఒక మనిషి, సరిగ్గా ఇదే జబ్బు గురించి, వాళ్ల మాటల్లోనే రాసింది. ఆ రాత దొరికితే చాలు. ఉపన్యాసంతో పనే లేదు.

దొరకలేదు. బుధ, గురువారాలు గ్రంథాలయం కంప్యూటర్ ముందు కూర్చున్నాను. "పొగాకు కార్మికులు, చర్మం ద్వారా విషప్రభావం, వికారం" అని కొట్టాను. బాబాల వీడియోలు వచ్చాయి, పొగతాగడం మాన్పించే మందుల ప్రకటనలు వచ్చాయి, ఒక జ్యోతిష్కుడు కూడా వచ్చాడు. మామూలు ఫోరం అయితే సైటు పేరు ఇచ్చి అందులోనే వెతకమనవచ్చు. మా సైటు లేదు. ఉన్న రోజుల్లో దాని గడప తొక్కవద్దని సెర్చింజన్లకు చెప్పింది మేమే.

శుక్రవారం సెలవు పెట్టి కామారెడ్డిలో లెక్చరర్ ఇంటికి పోయాను. కాలిపోయిన డిస్కును ఆయన ఇంకా బీరువాలో దాచుకున్నాడు. కాపీలు వేరే సర్వర్లలో తప్పకుండా ఉంటాయన్నాడు. ఏ సర్వర్లు అని అడిగాను. మనల్ని ఎవరెవరు అనుసరించారో ఆ జాబితా కూడా ఇదే డిస్కులో ఉండేదని దాన్ని చూపించాడు. తర్వాత నిష్ఠూరం లేకుండానే, "బయటోళ్లకు దొరకొద్దని తీర్మానం మనదే కదా మేడం" అన్నాడు. ఆ ఇంట్లో టీ తాగకుండా వచ్చింది నేను అదొక్కసారే.

అయితే వచ్చేముందు ఆయన ఒక మంచి మాట చెప్పాడు. కాపీ ఏ సర్వర్‌కు పోయినా, రాసిన మనిషి పేరు చివర ఆమె చేరిన సర్వర్ పేరు అంటుకునే ఉంటుంది. ఇంటిపేరు లాగా. మా సర్వర్ చచ్చిపోయినా దాని పేరు ఇంకో చోట ఆ అమ్మాయి పేరు పక్కన ఉండవచ్చు.

శనివారం పొద్దున ఎల్లారెడ్డిలో మా సర్వర్ పేరు కొట్టాను. వేరే సర్వర్లకు చేరిన కాపీలు చాలా వచ్చాయి. అన్నీ నావే. నా వాదనలు, నా ఖండనలు, నా సవాళ్లు. అంతగా రాశానా అనిపించింది. ఆమెది ఒక్కటీ లేదు. దానికి నా పొగాకు, చర్మం, వికారం కలిపితే ఉన్నవి కూడా పోయాయి. మా అటెండర్ వెనక నిలబడి చూస్తున్నాడు.

"మేడం, గా పిల్ల గిట్ల రాయలేదు. మీరు మీ తీరుగ వెతుకుతున్నరు. ఆమె మాట్లాడినట్టు వెతకాలె."

ఎలా రాసిందో నాకెలా గుర్తుంటుందని విసుక్కున్నాను. నాకు గుర్తున్నది నేను రాసినదే. ఆయనకు గుర్తుంది. అప్పట్లో ఇంట్లో భార్యకూ వదినకూ చదివి వినిపించాడట.

"‘చాటల తంబాకు తడిసిన నాడు’ అని రాసింది. కొట్టుండ్రి."

ఆ నాలుగు మాటలూ అలాగే, ముందూ వెనకా కొటేషన్ గుర్తులు పెట్టి, పక్కన మా సర్వర్ పేరు చేర్చి కొట్టాను. అందరూ వాడే సెర్చింజన్‌లో ఏమీ రాలేదు. ఇంకొక దానిలో కొట్టాను. అక్కడ ఒకే ఒక్క ఫలితం.

తెరిచాం. ఎప్పుడూ వినని ఒక సర్వర్. చుట్టూ ఏవేవో భాషలు, మధ్యలో మా తెలుగు, మా నర్సమ్మ. ఆ సర్వర్ యజమాని సెర్చింజన్లను రానిచ్చాడు. అతని ఇంట్లో మా తీర్మానం చెల్లలేదు. నేను ఒక్కసారైనా నా ఓటమికి మొక్కానంటే అది ఆ క్షణమే. మొక్కాననే రాస్తున్నాను, దిద్దకండి.

రాత చదివాం. జనం ఆమె పెద్దమ్మను అనుమానించిన సంగతీ, సబ్బు సంగతీ అందులో ఉన్నాయి. దాని కింద నా జవాబు ఉంది. అది చదువుతుంటే నా చెవులు వేడెక్కాయి. దాని కింద ఇంకొకటి ఉంది, నేనెన్నడూ చూడనిది. ఆమె జవాబు ఇచ్చింది. అది ఇచ్చిన రోజు కరెంటు పోయో మరెందుకో మా సర్వర్ ఆగి ఉండాలి, ఈసారి ఆమె పేరు చివర ఇంకేదో సర్వర్ పేరు ఉంది. మాకు చేరలేదు, ఆ దూరపు సర్వర్‌కు చేరింది. ఒకే రాతకు రెండు కాపీలు, అందులో నిండుది వాళ్ల దగ్గర. ఇన్నేళ్లూ నేను గెలుపు అనుకున్నది తెగిపోయిన వైరు.

ఆమె ఇలా రాసింది: "మేడం, మీ మాట నిజమే. నిమ్మకాయతోని తగ్గలే, నాకు ఎర్కే. కని ముందుగాల నిమ్మకాయ తీసెయ్యుమంటె మా అమ్మ నా మాటనే ఇనకపోవు. సబ్బు ముచ్చట చెప్పనియ్యకపోవు. అందుకే ఉండనిచ్చిన. ఇప్పుడు మా పెద్దమ్మ మా అమ్మ పక్కన్నే కూసోని బీడీలు చేస్తున్నది. నాకు గంతే చాలు. ఇగ నేను ఈడ రాయ."

గ్రంథాలయం ప్రింటర్‌లో ఎప్పటిలాగే సిరా లేదు. అటెండర్ పేజీ పెన్‌డ్రైవ్‌లో వేసుకొని జిరాక్స్ షాపుకు బయల్దేరుతూ గడప దగ్గర ఆగాడు.

"మీరు రాసింది తీసేసి ప్రింటు తియ్యమంటరా?"

వద్దు, ఉన్నది ఉన్నట్టు తీయండి అన్నాను.

ఆదివారం పొద్దున ఆ ఊళ్లో కార్ఖానా ముందు మనుషులు చేరారు. కార్ఖానా అంటే రేకుల షెడ్డు. ఆడవాళ్లు ఆకూ తంబాకూ అక్కడ తీసుకొని, చేసిన బీడీలు సాయంత్రం అక్కడే ఇస్తారు. ఒక పక్క మగవాళ్లు, ఇంకో పక్క ఆడవాళ్లు, ఎడంగా ఒక కానిస్టేబుల్. అందరికీ దూరంగా, గోడ నీడన ఒక ముసలమ్మ చాట ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. బుగ్గన తంబాకు ఉబ్బుగా ఉంది. తన బతుకు మీద పంచాయతీ జరుగుతుంటే ఆమె చేతులు ఆగలేదు. ఆకు చుడుతున్నాయి, దారం కడుతున్నాయి. ఇప్పుడు కూడా పనేనా అవ్వా అని నెమ్మదిగా అడిగాను. "సాయంత్రం ఇయ్యాలె గద బిడ్డా" అంది.

నేను మాట్లాడలేదు. అటెండర్ లేచి, పెద్దమనిషికి దండం పెట్టి, "బాపు, ఒక కాయితం చదువుత. మన అసొంటి ఇంటి పిల్ల రాసింది. అది అయినంక మీరు ఏమన్నా సరె" అన్నాడు. చదివాడు.

"మా అమ్మ ముప్పై ఏండ్ల సంది బీడీలు చేస్తది. వానకాలం వస్తె కండ్లు తిరుగుడు, కక్కులు. చాటల తంబాకు తడిసిన నాడు మరింత ఎక్కువ. మంది మా పెద్దమ్మ మీద అనుమానం పడ్డరు. ఆమె పక్కన కూసున్నోళ్లకే అయితది, ఆమెకు మాత్రం ఏం గాదు. నేను మా ఆస్పత్రిల డాక్టరమ్మను అడిగిన. తంబాకుల విషం ఉంటదట, తడి చేతులకెళ్లి ఒంట్లకు పోతదట. పెద్దమ్మ ఎప్పటి సందో తంబాకు నములుతది, ఆమె పానం ఆ విషానికి అలవాటు పడ్డది, గందుకే ఏం గాదట. నమిలితె మంచిదని గాదు, ఆమె నోరు ఎట్లయిందో నేను చూసిన. ఇప్పుడు మా అమ్మోళ్లు అర్రల కూసుంటలేరు, గాలి తాకేకాడ కూసుంటున్నరు. తడి ఆకు ముట్టుకున్నంక చేతులు తుడుసుకోనే తంబాకు ముడుతున్నరు. సబ్బుతోని కడుక్కోక బువ్వ తింటలేరు. తంబాకు డబ్బ పండుకునేకాడ పెడుతలేరు. తగ్గింది. ముందుగాల నిమ్మకాయ గూడ కట్టినం, అది వేరే ముచ్చట."

ఆడవాళ్లు తమ చేతులు చూసుకున్నారు. మేం ఇంకేమీ చెప్పనవసరం లేదని నాకు అప్పుడే తెలిసింది. ఊరివాళ్లు గమనించిన దాంట్లో ఒక్క తప్పూ లేదు. ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు, ఎక్కడ వస్తుంది, ఏ నెలలో వస్తుంది, అన్నీ సరిగానే చూశారు. గ్రంథాలయంలో కూర్చున్న నాకంటే బాగా చూశారు. కారణం దగ్గర దారి తప్పారు, అంతే.

అటెండర్ ఆగకుండా నా జవాబు కూడా చదివాడు. సిగ్గుండాలి, పెంట మీద పారెయ్యి, అంతా. ఇది రాసింది ఈ మేడమే అని నావైపు చెయ్యి చూపించాడు.

ఆడవాళ్లలోంచి ఎవరో, "అవ్వో, ఈమె అప్పటి సంది గిట్లనేనా?" అన్నారు. షెడ్డంతా నవ్వింది. కానిస్టేబుల్ కూడా ముఖం తిప్పుకొని నవ్వాడు. నా జీవితంలో నేను చేసిన ఏ ప్రసంగమూ ఆ నవ్వు చేసిన పని చేయలేదు. అప్పటిదాకా బిగుసుకొని కూర్చున్న మనుషులు కాళ్లు చాపుకున్నారు. తర్వాత ఆయన ఆ అమ్మాయి చివరి జవాబు చదివాడు. అప్పుడు నవ్వు లేదు.

పెద్దమనిషి నన్నే చూస్తూ అడిగాడు. "మేడం, మా ఇంటి దర్వాజకు నిమ్మకాయ కట్టినం. అది తియ్యమంటరా?"

అందరూ నావైపు తిరిగారు. నిమ్మకాయకూ తంబాకు విషానికీ ఏ సంబంధమూ లేదని అప్పుడూ తెలుసు, ఇప్పుడూ చెబుతాను, చచ్చేదాకా చెబుతాను. కానీ ఆ రోజు ఆ షెడ్డు కింద ఒక్క మాటే అన్నాను. "ఉండనీయండి."

పెద్దమనిషి ఇంకా తేల్చుకోలేకపోతున్నాడు. అప్పుడు వెనకనుంచి ఆయన కోడలు లేచింది, చాటతో పాటు కూలిపోయిన పిల్లే. కొంగు నిండుగా కప్పుకొని, మామ ముఖం చూడకుండా మాట్లాడింది.

"మామా, పదిహేను దినాలు నేను అవ్వ పక్కన్నే కూసుంట. అర్రల గాదు, బయట. చేతులు గా కాయితంల ఉన్నట్టు కడుక్కుంట. అవ్వతోనే అయితె మళ్ల అయితది. తంబాకుతోనైతె గాదు. తెలుస్తది గద."

ఇరవై ఏళ్లు శాస్త్రీయ పద్ధతి గురించి ఉపన్యాసాలు ఇచ్చినదాన్ని. ఒక్కటి మార్చి, మిగతావి ఉన్నట్టే ఉంచి చూడటం. ఎవరి మీద అనుమానమో ఆ మనిషినే పక్కన పెట్టుకొని, తన ఒంటి మీదే పరీక్ష పెట్టుకుంటానంది ఆ పిల్ల. ఆమె చదువు ఐదో తరగతి అని తర్వాత తెలిసింది. పెద్దమనిషి సరే అన్నాడు. మనుషులు లేచారు. కోడలు పోయి గోడ నీడన ముసలమ్మ పక్కన తన చాట పెట్టుకుంది. ముసలమ్మ చేతులు అప్పుడు ఆగాయి. ఆ పొద్దంతటిలో అవి ఆగింది అదొక్కసారే.

పదిహేను రోజులు గడిచాయి. ఎవరికీ ఏమీ కాలేదు. ఊళ్లో సగం మంది సబ్బు అన్నారు, సగం మంది నిమ్మకాయ అన్నారు. నిమ్మకాయకు వచ్చిన పేరు చూసి నాకు రెండు పూటలు అన్నం సహించలేదు. కానీ ముసలమ్మ నల్లా దగ్గరికి నీళ్లకు పోతోంది, నలుగురిలో కూర్చుంటోంది. అది చాలని ఆ నర్సమ్మ నాకు ముందే రాసి పెట్టింది.

ఆ దూరపు సర్వర్ యజమానికి కృతజ్ఞతలు చెబుతూ ఉత్తరం రాశాను. తనకు తెలుగు ఒక్క ముక్క రాదనీ, తన దగ్గర ఎవరో ఒకరు మా సమూహాన్ని అనుసరించడం వల్లే ఆ కాపీలు వచ్చాయనీ, ఆ మనిషి ఒక్క మాటా రాయకుండానే ఎప్పుడో మౌనమైపోయారనీ జవాబిచ్చాడు. ఎవరో తెలియని ఆ మనిషి ఒక బొత్తాం నొక్కారు. అంతే చేశారు. దానితోనే ఒక ఇల్లు నిలబడింది.

మా బృందం తర్వాత కొత్త సర్వర్ పెట్టుకుంది. సెర్చింజన్ల ప్రశ్న మళ్లీ వచ్చినప్పుడు తీర్మానం నేనే మళ్లీ ప్రవేశపెట్టాను, ఈసారి తిరగేసి. కనబడవద్దనుకునే మనిషికి దాక్కునే హక్కు ఉంది, అది ఆ మనిషి ఇష్టం. ప్రజల కోసం రాస్తున్నామని చెప్పుకునేవాళ్లకు ఆ హక్కు లేదు. అటెండర్ ఈసారి అందరికంటే ముందు చెయ్యెత్తాడు. "షట్టర్ లేపుండ్రి మేడం" అన్నాడు. చప్పట్లు పడలేదు. ఎవరికీ అక్కర కూడా లేదు.

వానలు వెలిశాక ఒక రోజు ఆయన తన అత్తను గ్రంథాలయానికి తీసుకొచ్చాడు. ఆ కాగితం రాసిన పిల్ల ఎక్కడుంటుందో చూడాలంది. కంప్యూటర్‌లో ఆ పేజీ తీసి చూపించాను. ఆమెకు చదువు రాదు. తెర మీద ఆ అమ్మాయి పేరు ఎక్కడుందని అడిగి, చూపిస్తే అక్కడ వేలు పెట్టింది.

"నా మాట గూడ గీమెకు రాయరాదు బిడ్డా. అందుతదా?"

అందుతుందో లేదో తెలియదన్నాను. ఆ అమ్మాయి ఏ సర్వర్ మొహమైనా చూడక చాలా కాలమై ఉంటుంది. అయినా రాద్దామన్నాను. అదే సర్వర్‌లో నా పేరుతో చేరి, మొదట నా క్షమాపణ రాశాను. తర్వాత ముసలమ్మ చెబుతుంటే కొట్టాను. నా జీవితంలో మొదటిసారి ఎవరి మాటనూ దిద్దకుండా, పుస్తకాల తెలుగులోకి మార్చకుండా, ఆమె నోట వచ్చింది వచ్చినట్టే కొట్టాను.

జవాబు ఇంకా రాలేదు. ఆ మాటలు మాత్రం అక్కడే ఉన్నాయి, ఎవరు వెతికినా దొరుకుతాయి. ఇలాంటి వానాకాలంలో, ఇలాంటి ఊళ్లో ఎవరికైనా అవసరం పడితే, నాలాగా పొగాకు, వికారం, విషప్రభావం అని వెతకకండి. ఆమె అన్నట్టే కొట్టండి:

"బిడ్డా, మీ పెద్దమ్మ అసొంటిదాన్నే నేను. నన్ను గూడ గట్లనే అన్నరు. నీ కాయితం చదివిండ్రు. మీ అమ్మ మంచిగున్నదా? నేను ఈడనే ఉన్న."